ఎర్ర బస్సుల వందేళ్ల దారి

ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్ ప్రాంతంలో వార్మిన్‌స్టర్ అని ఒక చిన్న పట్టణం. ఏడాదికొక రోజు, మామూలుగా ఆగస్టులో ఒక శనివారం, అక్కడి రైల్వే స్టేషన్ ముందు పాతకాలపు లండన్ బస్సులు బారులు తీరతాయి. 23ఏ అని నంబరు తగిలించుకుని సాలిస్‌బరీ మైదానం మీదుగా ఇంబర్ అనే ఊరికి బయలుదేరతాయి. ఇంబర్‌లో ఇప్పుడెవరూ లేరు. 1943 నవంబరులో సైన్యం 47 రోజుల గడువు పెట్టి, ఆలోపు ఊరినంతా ఖాళీ చేయించింది. యుద్ధం ముగిసినా మళ్లీ రానివ్వలేదు. 13వ శతాబ్దపు సెయింట్ జైల్స్ చర్చి ఒక్కటే చెక్కుచెదరకుండా మిగిలింది. ఆ నేల ఇప్పటికీ సైనిక శిక్షణదే. రోడ్లు ఏడాదిలో కొద్ది రోజులే తెరుస్తారు.

2009లో బస్సుల మీద ప్రాణం పెట్టుకున్న కొందరు ఈ సర్వీసును మొదలుపెట్టారు. వాళ్లలో పీటర్ హెండీ ఒకరు. అప్పట్లో ఆయన లండన్ రవాణా సంస్థకు అధిపతి. సొంతంగా రూట్‌మాస్టర్ అనే పాత లండన్ బస్సును కొనుక్కుని, స్టీరింగ్ కూడా తానే పట్టే మనిషి. టికెట్టు డబ్బు చర్చి మరమ్మతులకు, మాజీ సైనికుల సంక్షేమానికి వెళ్తుంది. ఒక టికెట్టు కొంటే రోజంతా ఏ బస్సయినా ఎక్కవచ్చు. ఒకటి దిగి ఇంకొకటి ఎక్కుతూ పోతే, నగరాల్లో సామాన్యుడు ఎలా ప్రయాణించాడో ఒంటికే తెలిసివస్తుంది. అద్దాల గదిలో నిలబెట్టిన బండి ఆ సంగతి చెప్పలేదు.

ఈ లండన్ బస్సుల కథ గుర్రాలతో మొదలైంది. 1829 జూలై 4న జార్జ్ షిలిబీర్ అనే బండ్ల తయారీదారు లండన్‌లో పాడింగ్టన్ నుంచి బ్యాంక్ దాకా మూడు గుర్రాల ఆమ్నిబస్ నడిపాడు. చార్జీ ఒక షిల్లింగు, కూలివాడికి అందని ధర. ఆ తరువాతి ఎనభై ఏళ్లూ లండన్ బస్సులను చాలావరకు గుర్రాలే లాగాయి. ఒక్కో బస్సును రోజంతా నడపాలంటే పది పన్నెండు గుర్రాలు కావాలి, అన్నింటికీ దాణా, లాయం చూడాలి. 1910లో లండన్ జనరల్ ఆమ్నిబస్ కంపెనీ వాల్తమ్‌స్టోలో బి-టైప్ మోటారు బస్సు తయారు చేశాక, ఏడాది తిరిగేసరికి, 1911 అక్టోబరులో, ఆ కంపెనీ గుర్రపు బస్సులు పూర్తిగా ఆగిపోయాయి. బి-టైప్ పైఅంతస్తుకు కప్పు లేదు, డ్రైవరు ముందు అద్దం లేదు. వానొస్తే అందరూ తడవాల్సిందే.

ఆ బి-టైప్ బస్సులే మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లాయి. దాదాపు 900 బస్సులు, చాలావరకు తమ డ్రైవర్లతో సహా, ఫ్రాన్స్, బెల్జియం దారుల్లో సైనికులను మోశాయి. అద్దాలు తీసేసి చెక్కలు కొట్టారు, ఎరుపు మీద ఖాకీ రంగు పూశారు. వార్తలు మోసే పావురాలకు కొన్ని బస్సులు గూళ్లయ్యాయి. లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం వాళ్లు బి2737 అనే బస్సును బాగుచేసి 2014లో అదే యుద్ధభూమి దారుల్లో తిప్పారు. బస్సులను కాపాడుకోవడమంటే నాకు అదే.

పైఅంతస్తుకు కప్పు 1925లో వచ్చింది. 1933లో లండన్ బస్సులన్నీ దాదాపుగా ఒకే సంస్థ కిందకు చేరాయి. 1939లో ఆర్‌టీ బస్సు రోడ్డెక్కింది గానీ యుద్ధం అడ్డుపడటంతో 1947 తరువాతే వరదలా వచ్చింది. దాని తోబుట్టువులైన మోడళ్లతో కలిపి దాదాపు ఏడు వేలు. చివరిది 1979 ఏప్రిల్ 7న ఆగింది. రూట్‌మాస్టర్‌కు దక్కిన కీర్తిలో సగమైనా ఆర్‌టీకి దక్కాల్సిందని నా అభిప్రాయం. ఆల్డెన్‌హామ్ వర్క్‌షాపులో ఆర్‌టీ బాడీని చాసిస్ మీద నుంచి ఎత్తి, రెండింటినీ వేర్వేరుగా బాగుచేసి, చాలాసార్లు వేరే చాసిస్ మీద దించేవారు. యుద్ధంలో హాలిఫాక్స్ బాంబర్ విమానాలు తయారుచేసిన అనుభవం మీదే ఆ తరువాతి రూట్‌మాస్టర్ అల్యూమినియం బాడీ పుట్టింది.

రూట్‌మాస్టర్‌ను 1954లో చూపించారు, 1956లో రెండో నంబరు రూటులో జనాన్ని ఎక్కించుకున్నారు, 1968 దాకా 2,876 కట్టారు. ఆటోమేటిక్ గేర్లు, పవర్ స్టీరింగ్, వెనక తలుపు లేని ఫుట్‌బోర్డు, మెడలో గిబ్సన్ టికెట్ మిషను వేలాడేసుకున్న కండక్టరు. మన కండక్టరు 'రైట్ రైట్' అని అరిచి చేసే పని అక్కడ రెండుసార్లు మోగే గంట చేస్తుంది. చక్రాల కుర్చీ ఎక్కలేని బస్సు నగరంలో అందరిదీ కాలేదు. అందుకే 2005 డిసెంబరు 9న 159వ రూటులో దాని సాధారణ సేవ ముగియడం న్యాయమే. అయినా వెయ్యికి పైగా బతికున్నాయంటే అది ప్రేమికుల చలవే. 1956లోనే కొందరు డబ్బు పోగేసి 1929 నాటి టి31 బస్సును కొన్నారు. 1962లో లండన్ నుంచి బ్రైటన్‌కు పాత వాణిజ్య వాహనాల యాత్ర మొదలైంది. బ్రూక్‌లాండ్స్‌లో లండన్ బస్ మ్యూజియం 2011లో తెరుచుకుంది.

మనకూ ఇందులో వాటా ఉంది. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆ బస్సులు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పనిచేసిన ఆల్బియన్ కంపెనీవి. వాటిలో ఒకటి ఆర్టీసీ దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది. సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు 7జెడ్ డబుల్ డెక్కర్‌లో, పైఅంతస్తు ముందు సీటు కోసం పోటీపడిన తరం ఇంకా మన మధ్యే ఉంది. 2003తో అవి కనుమరుగయ్యాయి. 2023లో హైదరాబాద్‌కు ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు వచ్చాయి గానీ, పాత డబుల్ డెక్కర్ పక్కన నిలబెట్టి పిల్లలకు తేడా చూపే అవకాశం లేదు.

పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు, ఆర్టీసీ బస్సులతో సహా, తుక్కు కింద పోవాలని 2023 నుంచి నిబంధన అమల్లో ఉంది. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నియమాలు బైకులకు, కార్లకే వర్తిస్తాయి, బస్సులకు వాటిలో చోటు లేదు. ఆ చోటు కల్పించమని కేంద్రాన్ని అడగాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలకు నా విన్నపం ఒకటే: వేలానికి పంపే ముందు ప్రతి మోడల్‌లో ఒక బండిని కప్పు కింద పెట్టండి, ఏడాదికి ఒక్క ఆదివారమైనా జనాన్ని ఎక్కించుకుని తిప్పండి.