పొరుగు రాష్ట్రంలో కారు కొంటే పన్ను ఎవరికి? – అమ్మకపు పన్ను, వాహన పన్నుల చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• మన దేశంలో అమ్మకపు పన్ను ఎప్పుడు, ఏ అవసరం వల్ల వచ్చిందో చెప్పగలుగుతారు.
• అంతర్రాష్ట్ర అమ్మకాలపై పన్ను వేసే అధికారం గురించి 1950 నుంచి జరిగిన వివాదాన్ని వివరించగలుగుతారు.
• పన్నుకూ రుసుముకూ గల తేడాను వాహనాల ఉదాహరణతో విశ్లేషించగలుగుతారు.
• జి.ఎస్.టి. తరువాత కూడా రాష్ట్రాల సరిహద్దు వాహన యజమానికి ఎందుకు అడ్డు వస్తున్నదో చర్చించగలుగుతారు.

1. విషయ పరిచయం

కర్నూలులో నివసించే ఒక ఉద్యోగి బెంగళూరులో కారు కొన్నాడనుకుందాం. డబ్బు చేతులు మారింది కర్ణాటకలో. కారు తిరిగేది ఆంధ్రప్రదేశ్ రోడ్ల మీద. అమ్మకంపై పన్ను కర్ణాటకకు చెందాలా, ఆంధ్రప్రదేశ్‌కు చెందాలా? రెండు రాష్ట్రాలూ అడిగితే కొన్నవాడి గతి ఏమిటి?

ఇది ఒక వ్యక్తి జేబుకు సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి ఇందులో రెండు పెద్ద విషయాలు ఇమిడి ఉన్నాయి. ఒకటి, రాష్ట్రాలకు తమ సొంత రాబడి ఉండాలన్నది. రెండవది, దేశమంతా ఒకే విపణిగా ఉండాలన్నది. ఈ రెండింటి మధ్య రాజీ కుదర్చడానికి రాజ్యాంగ నిర్మాతలు, న్యాయస్థానాలు, పార్లమెంటు ఎన్నో దశాబ్దాలుగా ప్రయత్నించాయి. ఆ ప్రయత్నం సగమే ఫలించిందన్నది ఈ పాఠం సారం. అమ్మకం మీద పన్ను విషయంలో రాజీ కుదిరింది. రహదారి మీద తిరిగే వాహనంపై పన్ను విషయంలో ఇంకా కుదరలేదు.

2. అమ్మకపు పన్ను పుట్టుక

భూమి శిస్తు, అబ్కారీ రాబడి శతాబ్దాల నాటివి. వాటితో పోలిస్తే అమ్మకపు పన్ను చాలా కొత్తది. 1935 భారత ప్రభుత్వ చట్టం సరుకుల అమ్మకంపై పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాలకు, అంటే అప్పటి ప్రావిన్సులకు ఇచ్చింది. 1938లో సెంట్రల్ ప్రావిన్సెస్ ప్రభుత్వం పెట్రోలు, కందెనల చిల్లర అమ్మకాలపై పన్ను విధించింది. అది నిజానికి ఎక్సైజు సుంకమనీ, తన అధికారమనీ కేంద్రం వాదించింది. ఫెడరల్ కోర్టు ఆ సంవత్సరమే ప్రావిన్సు పక్షాన తీర్పు చెప్పింది. మోటారు బండికీ అమ్మకపు పన్నుకూ గల సంబంధం ఆ విధంగా మొదటి నుంచీ ఉన్నదే.

సాధారణ అమ్మకపు పన్నును తొలిసారిగా తెచ్చింది మద్రాసు రాష్ట్రం. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు అందులో భాగం. ప్రధానిగా ఉన్న రాజగోపాలాచారి 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. కల్లు, సారాయి మీద వచ్చే రాబడి పోయింది. ఆ లోటును పూడ్చడానికి 1939లో మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టం వచ్చింది. హైదరాబాదు రాష్ట్రంలో ఇటువంటి చట్టం 1950లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత రెండు ప్రాంతాలకూ కలిపి 1957లో ఒకే చట్టం చేశారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. రాష్ట్రానికి ఈ పన్ను కేవలం అదనపు ఆదాయం కాదు. ఒక సామాజిక విధానాన్ని అమలు చేయడానికి దానికి దొరికిన ఆర్థిక ఆధారం. అందుకే తరువాతి కాలంలో ఏ రాష్ట్రమూ దీన్ని తేలికగా వదులుకోవడానికి ఒప్పుకోలేదు.

3. అమ్మకం ఎక్కడ జరిగినట్లు?

రాజ్యాంగ నిర్మాతలు ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించారు. 286వ అధికరణ ప్రకారం రాష్ట్రం వెలుపల జరిగిన అమ్మకంపై ఆ రాష్ట్రం పన్ను వేయరాదు. పార్లమెంటు అనుమతిస్తే తప్ప అంతర్రాష్ట్ర వ్యాపారంలో జరిగే అమ్మకంపైనా వేయరాదు. అయితే అదే అధికరణలో ఒక వివరణ చేర్చారు. అమ్మకం ఫలితంగా సరుకు ఏ రాష్ట్రంలో వాడకం కోసం అందజేయబడుతుందో, అమ్మకం ఆ రాష్ట్రంలోనే జరిగినట్లు భావించాలన్నది దాని తాత్పర్యం.

ఈ వివరణే రెండు ప్రసిద్ధ వ్యాజ్యాలకు కారణమైంది. బొంబాయి రాష్ట్రపు 1952 నాటి అమ్మకపు పన్ను చట్టాన్ని కొందరు మోటారు కార్ల వర్తకులు సవాలు చేశారు. యునైటెడ్ మోటార్స్ వ్యాజ్యంగా పేరుపొందిన దానిలో 1953 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. సరుకు అందిన రాష్ట్రం పన్ను వేయవచ్చునని ప్రధాన న్యాయమూర్తి పతంజలి శాస్త్రి నాయకత్వంలోని మెజారిటీ చెప్పింది. ఫలితంగా ఒక ఊళ్లో కొట్టు పెట్టుకున్న వర్తకుడికి, తాను సరుకు పంపిన ప్రతి రాష్ట్రం నుంచీ నోటీసులు రాసాగాయి. ఎక్కడెక్కడో నమోదు చేసుకుని, ఎవరెవరికో లెక్కలు చూపవలసిన పరిస్థితి వచ్చింది.

కలకత్తాకు చెందిన మందుల సంస్థ ఒకటి బీహారు ప్రభుత్వం అడిగిన పన్నుపై సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే బెంగాల్ ఇమ్యూనిటీ వ్యాజ్యం. 1955 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు నలుగురికి ముగ్గురు మెజారిటీతో తన పాత తీర్పును తానే తోసిపుచ్చింది. పార్లమెంటు చట్టం చేసేవరకు అంతర్రాష్ట్ర అమ్మకంపై ఏ రాష్ట్రమూ పన్ను వేయరాదని తేల్చింది. అప్పటికే వసూలైన పన్నులను నిలబెట్టుకోవడానికి 1956లో ప్రత్యేకంగా ధ్రువీకరణ చట్టం చేయవలసి వచ్చింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: 1953, 1955 తీర్పులలో కొనుగోలుదారు నివసించే రాష్ట్రానికి ఏది అనుకూలం? ఎందుకు?

4. కేంద్ర అమ్మకపు పన్ను: ఒక మధ్యేమార్గం

1956లో ఆరవ రాజ్యాంగ సవరణ, దాని వెంట కేంద్ర అమ్మకపు పన్ను చట్టం వచ్చాయి. అంతర్రాష్ట్ర అమ్మకంపై పన్ను వేసే అధికారం కేంద్రానిది. వసూలు చేసి ఉంచుకునేది సరుకు బయలుదేరిన రాష్ట్రం. నమోదైన వర్తకుల మధ్య ఈ పన్ను 1 శాతంతో మొదలై 1975 నాటికి 4 శాతానికి చేరింది. 2007లో 3 శాతానికి, 2008లో 2 శాతానికి తగ్గించారు.

నా బోధనానుభవంలో విద్యార్థులు తరచుగా తడబడే చోటు ఇది. తక్కువ రేటు ‘సి’ ఫారం ఇవ్వగల నమోదైన వర్తకుడికే వర్తిస్తుంది. సొంత వాడకానికి కారు కొనే సామాన్యుడికి ఆ ఫారం ఉండదు. అప్పట్లో అతను స్వయంగా పొరుగు రాష్ట్రపు షోరూముకు వెళ్లి కారు తీసుకుంటే అది అక్కడి స్థానిక అమ్మకమే అయ్యేది, అక్కడి రేటే చెల్లించవలసి వచ్చేది. కొనుగోలు ఒప్పందం కారణంగానే వాహనం ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి కదిలితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. జంషెడ్‌పూర్‌లో తయారైన టాటా వాహనాలను ఇతర రాష్ట్రాలలోని స్టాక్‌యార్డులకు తరలించడంపై 1970లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ తేడాను స్పష్టం చేసింది. ఫలానా కొనుగోలుదారు కోసమని కేటాయించకుండా పంపిన వాహనం కదలిక అంతర్రాష్ట్ర అమ్మకం కాదన్నది ఆ తీర్పు సారాంశం.

5. ప్రవేశ పన్ను: గడప దగ్గర కాపలా

అమ్మకపు పన్ను రేట్లు రాష్ట్రానికొక తీరుగా ఉన్నప్పుడు కొనేవాడు తక్కువ ఉన్న చోటికి పోతాడు. గోదావరి జిల్లాల మధ్యనున్న యానాం మీకు తెలుసు. అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. తక్కువ పన్నులున్న ఇటువంటి చోట్లకు కొనుగోళ్లు తరలిపోవడం సరిహద్దు రాష్ట్రాలకు ఎప్పుడూ తలనొప్పే.

దీనికి రాష్ట్రాలు కనుగొన్న మందు ప్రవేశ పన్ను. స్థానిక ప్రాంతంలోకి వాడకానికో అమ్మకానికో వచ్చే సరుకుపై పన్ను వేసే అధికారం రాష్ట్ర జాబితాలోని 52వ అంశం ఇచ్చింది. దాని ఆధారంగా తమిళనాడు 1990లో, ఆంధ్రప్రదేశ్ 1996లో మోటారు వాహనాల ప్రవేశంపై ప్రత్యేక చట్టాలు చేశాయి.

ఇటువంటి చట్టాలు పనిచేసే తీరును ఒక ఊహాత్మక లెక్కతో చూడండి. కారు ధర రూ.3,00,000. పొరుగున పన్ను 4 శాతం, సొంత రాష్ట్రంలో 12 శాతం అనుకోండి. కొనుగోలుదారు అక్కడ రూ.12,000 చెల్లించాడు. ఇక్కడి లెక్క ప్రకారం రూ.36,000 కావాలి. అక్కడ కట్టినది తగ్గించి మిగిలిన రూ.24,000 ప్రవేశ పన్నుగా అడుగుతారు. పొరుగుకు వెళ్లి మిగుల్చుకున్నదంతా గడప దాటగానే పోయింది. రెండుసార్లు పూర్తి పన్ను పడకుండా చూడటం ఇందులోని న్యాయం. స్వేచ్ఛగా కొనుక్కునే లాభం లేకుండా చేయడం ఇందులోని గడుసుతనం.

ఇది 301వ అధికరణ హామీ ఇచ్చిన వ్యాపార స్వేచ్ఛకు విరుద్ధం కాదా? ఈ ప్రశ్నకు మూలం కూడా వాహనాలే. అజ్మీరు ప్రాంతపు బస్సు యజమానులపై రాజస్థాన్ వేసిన వాహన పన్ను గురించి 1962లో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. రోడ్ల వంటి సౌకర్యానికి ప్రతిఫలంగా వేసే పన్ను ఆ స్వేచ్ఛకు భంగం కాదన్నది. దీన్ని పరిహారక పన్ను సిద్ధాంతం అన్నారు. 2016 నవంబరులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం జిందాల్ స్టెయిన్‌లెస్ వ్యాజ్యంలో ఈ సిద్ధాంతాన్ని పక్కన పెట్టింది. బయటి సరుకుపై వివక్ష చూపని పన్ను 301ని ఉల్లంఘించదని ఏడుగురు అభిప్రాయపడ్డారు.

6. జి.ఎస్.టి.: పాత వివరణకు కొత్త రూపం

2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చింది. దానికి దారి తీసిన 101వ సవరణ 52వ అంశాన్నే తొలగించింది. ప్రవేశ పన్ను అలా ముగిసింది. దేశమంతటా ఒకే రేటు కావడంతో ఈ పన్ను కోసం పొరుగు రాష్ట్రానికి వెళ్లవలసిన అవసరమూ పోయింది.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై రేటు 18 శాతం. పన్ను కాక ధర రూ.7,00,000 అయితే పన్ను రూ.1,26,000. స్థానిక అమ్మకమైతే కేంద్రానికి రూ.63,000, రాష్ట్రానికి రూ.63,000. అంతర్రాష్ట్ర సరఫరా అయితే మొత్తాన్ని సమీకృత పన్నుగా కేంద్రం వసూలు చేసి, రాష్ట్ర వాటాను సరుకు చేరిన రాష్ట్రానికి పంపుతుంది. నమోదు లేని కొనుగోలుదారు విషయంలో, బిల్లు మీద రాసిన అతని చిరునామా ఉన్న రాష్ట్రమే సరఫరా జరిగిన చోటు అని 2023 అక్టోబరు 1 నుంచి నిర్దేశించారు. మన కర్నూలు ఉద్యోగి బెంగళూరులో కొన్నా, బిల్లులో కర్నూలు చిరునామా ఉంటే రాష్ట్ర వాటా ఆంధ్రప్రదేశ్‌కే వస్తుంది.

1950లో 286వ అధికరణ వివరణ చెప్పింది దాదాపు ఇదే కదా? తేడా ఎక్కడుందో గమనించండి. అప్పుడు వర్తకుడు రాష్ట్రాల చుట్టూ తిరగవలసి వచ్చింది. ఇప్పుడు రాష్ట్రాల మధ్య లెక్క ప్రభుత్వాలే చూసుకుంటాయి. సూత్రం పాతదే, దాన్ని నడిపే యంత్రాంగం కొత్తది.

7. మిగిలిపోయిన సరిహద్దు

అమ్మకం మీద పన్ను ఒకటి, వాహనం మీద పన్ను మరొకటి. రెండవది రాష్ట్ర జాబితాలోని 57వ అంశం కింద వస్తుంది. మద్రాసు రాష్ట్రంలో 1931 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 1963 చట్టం నుంచి ఇది ఉంది. ఏడాదికోసారి కట్టే పద్ధతి పోయి, సొంత కార్లకు ధరలో ఇంత శాతమని ఒకేసారి కట్టే జీవితకాల పన్ను వచ్చింది. ఈ శాతం రాష్ట్రానికొక రకంగా ఉంటుంది.

రిజిస్ట్రేషను రుసుము మాత్రం వేరు. అది చేసే పనికి తీసుకునే సొమ్ము. కేంద్ర నిబంధనలు నిర్ణయిస్తాయి కనుక దేశమంతటా దాని ప్రాతిపదిక ఒకటే. 2016 డిసెంబరు సవరణ తేలికపాటి సొంత వాహనానికి దాన్ని రూ.600గా నిర్ణయించింది. వందల్లో ఉండే రుసుమునూ, లక్షకు చేరగల జీవితకాల పన్నునూ పక్కపక్కన పెట్టి చూస్తే సమస్య ఎక్కడుందో తెలుస్తుంది.

1988 మోటారు వాహనాల చట్టం 40వ సెక్షను ప్రకారం యజమాని నివాసం లేదా వ్యాపార స్థలం ఉండి, వాహనాన్ని మామూలుగా ఉంచే రాష్ట్రంలోనే రిజిస్ట్రేషను చేయించాలి. కనుక కర్నూలు ఉద్యోగి బెంగళూరులో తాత్కాలిక రిజిస్ట్రేషను మాత్రమే తీసుకుని, సొంత రాష్ట్రానికి వచ్చి జీవితకాల పన్ను కట్టాలి. తక్కువ పన్నున్న చోట దొంగ చిరునామా చూపడం నేరానికి దారి తీస్తుంది. ఇప్పటికే రిజిస్టరైన కారును వేరే రాష్ట్రానికి తీసుకువెళ్లి 12 నెలలు మించి ఉంచితే, 47వ సెక్షను ప్రకారం అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. పాత రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. కొత్త రాష్ట్రంలో మళ్లీ పన్ను కట్టి, పాత రాష్ట్రం నుంచి మిగిలిన కాలానికి వాపసు కోరుకోవాలి. కట్టడం వెంటనే జరుగుతుంది, వాపసు కోసం మాత్రం తిరగాలి.

కర్ణాటక 2014లో ఈ గడువును పన్ను విషయంలో 30 రోజులకు కుదించింది. 2016లో ఆ రాష్ట్ర హైకోర్టు అది చెల్లదన్నది. బెంగళూరులో ఉద్యోగాలు చేసే తెలుగువారెందరికో ఇది స్వయంగా తగిలిన చరిత్ర. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయిన నాటి నుంచి విజయవాడలో కొన్న కారు హైదరాబాదుకు పొరుగు రాష్ట్రపు కారే అయింది.

2021లో కేంద్రం ‘బి.హెచ్.’ శ్రేణి నంబర్లు తెచ్చింది. రక్షణ సిబ్బంది, ప్రభుత్వోద్యోగులు, నాలుగు లేదా అంతకు మించిన రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులు వీటిని తీసుకోవచ్చు. పన్ను రెండేళ్లకోసారి కట్టుకోవచ్చు. రేటు లెక్కకు కారు ధర రూ.10 లక్షల లోపైతే 8 శాతం, 20 లక్షల వరకు 10 శాతం, ఆపైన 12 శాతం. బదిలీ అయితే కొత్త నంబరు అక్కరలేదు. అయితే రైతుకో, చిన్న వ్యాపారికో, ఒకే ఊళ్లో ఉన్న సంస్థ ఉద్యోగికో ఈ సౌకర్యం లేదు.

ఉమ్మడి జాబితాలోని 35వ అంశం వాహన పన్నులు ఏ సూత్రాలపై వేయాలో నిర్ణయించే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. దానిపై సమగ్రమైన చట్టం మాత్రం రాలేదు. కారణం మీరు ఊహించగలరు. జి.ఎస్.టి. తరువాత రాష్ట్రాల చేతిలో మిగిలిన సొంత పన్నులు కొన్నే. వాటిలో వాహన పన్ను ఒకటి. 1939లో మద్రాసు ప్రభుత్వానికి ఉన్న అవసరమే నేటి రాష్ట్రాలకూ ఉంది.

8. సారాంశం

అమ్మకం ఎవరిదన్న వివాదం 1953, 1955 తీర్పుల మీదుగా, కేంద్ర అమ్మకపు పన్ను, ప్రవేశ పన్నుల మీదుగా సాగి, వాడకం జరిగే రాష్ట్రానికే పన్ను చెందాలన్న సూత్రంతో స్థిరపడింది. అక్కడ ప్రభుత్వాలు తమ లెక్కలు తామే సర్దుకుంటున్నాయి. జీవితకాల పన్ను విషయంలో ఆ సర్దుబాటు భారం నేటికీ పౌరుడిదే. ఒక రాష్ట్రం వసూలు చేసిన పన్నులో మిగిలిన భాగాన్ని మరో రాష్ట్రానికి ప్రభుత్వాలే నేరుగా బదిలీ చేసుకునే ఏర్పాటు వస్తే, రాష్ట్రాల రాబడికి నష్టం లేకుండానే ఈ భారం తీరుతుంది. అది సాధ్యమేనని జి.ఎస్.టి. అనుభవం చూపుతున్నది.

9. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అంతర్రాష్ట్ర అమ్మకాలపై పన్ను అధికారం 1950 నుంచి 2017 వరకు ఎలా మారిందో వివరించండి.
2. రాష్ట్రాల ఆర్థిక స్వాతంత్ర్యానికీ ఒకే దేశ విపణికీ మధ్య గల ఘర్షణను మోటారు వాహనాల పన్నుల ఆధారంగా చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధానికీ అమ్మకపు పన్నుకూ గల సంబంధం ఏమిటి?
2. ప్రవేశ పన్ను పనిచేసే తీరును ఒక ఉదాహరణతో తెలపండి.
3. మీకు తెలిసిన ఒక కారు బిల్లునూ, రిజిస్ట్రేషను రశీదునూ పరిశీలించి, అందులో పన్నులేవో, రుసుములేవో వేరు చేసి రాయండి.