అనుదినాహారము – ఒక ప్రార్థనలోని ఒక పదం కథ

క్రైస్తవులు ఏ శాఖకు చెందినవారైనా కలసి చెప్పుకోగల ప్రార్థన ఒకటి ఉన్నది. తెలుగునాట ప్రొటెస్టెంటులు దానిని పరలోక ప్రార్థన అంటారు, కతోలికులు పరలోక జపము అంటారు. ఏసుక్రీస్తు తన శిష్యులకు నేర్పినదిగా మత్తయి సువార్త 6వ అధ్యాయంలోను, లూకా సువార్త 11వ అధ్యాయంలోను ఇది కనబడుతుంది. రెండింటిలో లూకా పాఠం చిన్నది. దీనిని రోజుకు మూడుసార్లు చెప్పుకోవాలని 'డిడాకే' అనే తొలికాలపు క్రైస్తవ నియమగ్రంథం విధించింది.

ఇంతకూ ఈ ప్రార్థన దేనికోసం? మోక్షం కోసమా, అన్నం కోసమా? ఈ ప్రశ్నకు సమాధానం ఒక్క పదంలో చిక్కుకొని ఉన్నది.

తెలుగు బైబిలులో 'అనుదినాహారము' అని ఉన్నచోట గ్రీకు మూలంలో ఉన్నది రొట్టె. ఆ రొట్టెకు విశేషణం 'ఎపియూసియోస్'. ఈ పదాన్ని పండితులెవరూ వాడగా తాను వినలేదని, సామాన్యుల వాడుకలోనూ లేదని, సువార్తికులే దీనిని కల్పించి ఉంటారని 3వ శతాబ్దిలో ఓరిగెన్ రాశాడు. ఆయన మాతృభాష గ్రీకే అయినప్పుడు, ఇక తక్కినవారి సంగతి చెప్పనక్కరలేదు. ఓరిగెన్ ఆ పదంలో 'సత్త' అనే అర్థాన్ని చూసి, ఇది ఆత్మను పోషించే రొట్టె అన్నాడు. క్రీ.శ. 383 ప్రాంతంలో లాటిన్ సువార్తలను సంస్కరించిన జెరోము మరీ విచిత్రమైన పని చేశాడు. ఒకే గ్రీకు పదాన్ని లూకాలో 'అనుదినమైన' అని ఉంచి, మత్తయిలో 'సత్తకు అతీతమైన' అని మార్చాడు. హెబ్రీయుల సువార్త అనే గ్రంథంలో ఈ చోట 'రేపటి' అనే అర్థమిచ్చే మాట ఉన్నదని కూడా ఆయనే చెప్పాడు. ఒక్క రొట్టెకు ఇన్ని వ్యాఖ్యానాలు!

1889లో ఒక ఆశాకిరణం కనిపించింది. ఈజిప్టులోని హవారాలో పెట్రీ తవ్వకాలలో దొరికిన ఒక పపైరస్‌ను సేస్ అనే పండితుడు ప్రకటించాడు. అది ఇంటి ఖర్చుల చిట్టా. అందులో ఈ పదం సగం కనబడుతున్నదన్నాడు. పచారీ లెక్కలో ఉన్నదంటే అది నిత్యావసరానికి సంబంధించిన మాటే అయి ఉంటుందని చాలామంది సంతోషించారు. తరువాత ఆ పత్రం కనబడకుండా పోయింది. 1998లో అది అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో బయటపడింది. మళ్ళీ చదివి చూస్తే అక్కడ ఉన్నది నూనె అనే మాట! ఆ పదం మళ్ళీ ఒంటరిదైపోయింది.

నిఘంటువు తోడు రానప్పుడు సందర్భమే శరణ్యం. ఇశ్రాయేలీయులు ఎడారిలో మన్నాను ఏ పూటకాపూట ఏరుకున్నారనీ, మరునాటికి దాచినది పురుగు పట్టిందనీ నిర్గమకాండం చెబుతుంది. ద్రాక్షతోట కూలీల ఉపమానంలో సాయంత్రం చేతికి వచ్చేది ఒక దేనారము, అంటే ఒక రోజు కూలి. అటువంటి శ్రోతలకు 'నేటికి రొట్టె' అంటే ఏమిటో వివరించవలసిన అవసరం ఉండి ఉండదు. ఆధ్యాత్మికార్థాన్ని నేను కాదనను. అయితే ఆకలిగొన్నవాని కోరికను మరీ ఆకాశానికి ఎత్తేస్తే వాని విస్తరి ఖాళీగా మిగిలిపోతుంది.

వెంటనే వచ్చే కోరికా ఇదే చెబుతుంది. మత్తయి పాఠంలో క్షమించమని అడిగేది ఋణాలను. అదే చోట లూకా పాపాలు అన్నాడు. ఏసు మాట్లాడిన అరమేయిక భాషలో 'హోబా' అనే మాటకు అప్పు, పాపము అనే రెండర్థాలూ ఉన్నాయి. దేవ ఋణము, ఋషి ఋణము, పితృ ఋణము అని వినే మనకు ఇది కొత్త కాదు. మత్తయి 18వ అధ్యాయంలోని ఉపమానంలో అప్పు తీర్చలేని దాసుని, అతని ఆలుబిడ్డలతో సహా అమ్మివేయమని రాజు ఆజ్ఞాపిస్తాడు. ఆ ఋణం రద్దయిన దాసుడే మరొకనిని నూరు దేనారముల కోసం గొంతు పట్టుకుంటాడు. రొట్టె, అప్పు – బీదవాని రెండు భయాలు ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

వ్యాకరణంతో పొద్దుపుచ్చినవాణ్ణి గనుక మరొక మాట. ఈ ప్రార్థనలో 'నా', 'నాకు' అనే పదాలు లేవు. అందరి కోసం అడగాలి గనుకనే ఇక్కడ బహువచనం ఉన్నదని 3వ శతాబ్దిలోనే కార్తేజి బిషప్పు సిప్రియన్ వివరించాడు. గ్రీకులో మా, మన అనే భేదం లేదు. తెలుగు అనువాదకుడు మాత్రం ఎంచుకోక తప్పదు. వినేవాడు దేవుడు గనుక 'మా' అన్నదే సరైనది. ఆ 'మా'లో చేరనివాడు ఆయన ఒక్కడే. పక్కన ఉన్నవాడు, తిండిలేనివాడు, మనకు బాకీ పడినవాడు – అందరూ అందులోనివారే.

రొట్టెను తెలుగువారు ఆహారమన్నారు. అన్నం తినేవారి నేలలో అది ఉచితమైన పని. అర్థం తేలని పదాన్ని అనుదినము అన్నారు. దానితో ప్రార్థనకు హద్దు ఏర్పడింది. అడగవలసింది నేటికి మాత్రమే, అడగవలసింది అందరికీ. గాదెలు నింపమని అడిగే వీలు ఆ వాక్యంలో లేదు.