గోలీ కాపలా

గోలీ సోడాకి విడిగా మూతంటూ లేదు. లోపలి గ్యాసే గాజు గోలీని పైకి నెట్టి, మూతి దగ్గరున్న రబ్బరు వాషరుకి బిగించి పెడుతుంది. పారిపోవాలని చూసే గ్యాసుకే కాపలా పని అప్పజెప్పారన్నమాట!

నీళ్లలోకి గ్యాసు ఎక్కించడం ఈ గోలీ సీసా రావడానికి వందేళ్ల ముందే తెలుసు. 1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ తన ఇంటి పక్క బీరు బట్టీకి వెళ్లి, పులుస్తున్న తొట్ల మీద నిలిచే గాలిని నీళ్లలో కలిపి చూశాడు. 1783లో జాకబ్ ష్వెప్ జెనీవాలో దాన్ని వ్యాపారం చేశాడు. చిక్కంతా బెండు బిరడాతోనే. అది ఎండితే కుంచించుకుపోయి గ్యాసు జారిపోయేది. అందుకని నిలబెట్టడానికి వీల్లేని కోడిగుడ్డు అడుగుతో సీసాలు చేశారు. పడుకోబెడితేనే బిరడా తడిగా ఉంటుంది మరి.

లండన్‌లో హైరమ్ కాడ్ ఆ బిరడానే తీసేసి, 1872లో గోలీ సీసాకి పేటెంటు పొందాడు. దాని మెడ చూడండి, నొక్కులుంటాయి. బొటనవేలితో గోలీని లోపలికి నొక్కితే అడుక్కి పడదు, మెడలోనే ఆగుతుంది. నొక్కుల వైపు కిందికి పెట్టి వంచితే గోలీ అక్కడే చిక్కుకుంటుంది, సోడా ధారగా వస్తుంది.

1892లో అమెరికాలో విలియం పెయింటర్ రేకుమూత కనిపెట్టాక పాశ్చాత్య దేశాల్లో గోలీ సీసా క్రమంగా వెనకబడింది. జపాన్‌లో మాత్రం 'రమునె' పేరుతో నిలిచింది.

మన దగ్గర నిలవడానికి కారణం ఖర్చే. ఒక చిన్న గది, గ్యాసు సిలిండరు, చేత్తో తిప్పే మిషను ఉంటే చాలు, కరెంటు అక్కర్లేదు. చట్రంలో బిగించిన సీసాలు గిర్రున తిరుగుతుంటే గ్యాసు నీళ్లలో కలుస్తుంది, సీసా తలకిందులైనప్పుడు గోలీ మూతిలోకి జారి కూర్చుంటుంది. రేకుమూతలు కొనే పని లేదు. అయితే ఖాళీ సీసా తిరిగి రావాలి. అందుకే సోడా కొట్టువాడి వ్యాపారం సైకిలు, రిక్షా తిరిగినంత మేరే సాగింది. ఏ ఊరి సోడా ఆ ఊరిదే అయింది.

2025లో కేంద్ర వాణిజ్య శాఖ గోలీ సోడా ఎగుమతుల గురించి ప్రకటించింది. అమెరికా, బ్రిటన్, యూరప్, గల్ఫ్ దేశాలకు వెళుతోందట. సముద్రం దాటిన సీసా మళ్లీ నింపించుకోవడానికి వెనక్కి రాదు. గోలీ అదే, రుచీ అదే కావచ్చు గానీ, ఈ సరుకును ఇన్నాళ్లూ చవగ్గా నిలబెట్టిన లెక్క మాత్రం మారిపోయింది.