బందరు రేవు: ఏకదిన తీరయాత్ర

కృష్ణాజిల్లాకు ముఖ్యపట్టణమై, కృష్ణానది సాగరమున కలియు చోటికి ఉత్తరముగా బంగాళాఖాతపు తీరమున నున్న మచిలీపట్టణము, అనగా బందరు, 17వ శతాబ్దమున గోలకొండ రాజ్యమునకెల్ల ప్రధానమైన నౌకాశ్రయము. ఓడ దిగి, ఒక్క పగటిపూటలో ఊరు చూచి, ప్రొద్దు గ్రుంకులోపల మరల ఓడ యెక్కవలసినవాడు తన పగటిని ఏవిధముగా వినియోగించుకొనవలెనను విచారము నేడు కరిబియను సముద్రపు చిన్నరేవులలో దిగు విహారనౌకల యాత్రికులకు నిత్యానుభవము. నాలుగువందల యేండ్ల క్రిందట అదే విచారము బందరున దిగిన వర్తకులకును నావికులకును కలిగినది. నేడు బందరునకు యాత్రికులు రైలుమీదను బస్సుమీదను వత్తురు. అయినను ఈ యూరిని ఒక్కదినమున చూడదలచినవానికి రేవుమర్యాదయే ఉత్తమమైన మార్గదర్శి.

రేవు స్వభావము

బందరు సముద్రము లోతు తక్కువ. కృష్ణవేణి యుగయుగములుగా మోసికొనివచ్చి తీరమున పరచిన ఒండ్రుమట్టిచేత ఇచ్చటి కడలియడుగు చదునుగా చాలదూరము సాగిపోవుటవలన, పూర్వము పెద్దయోడలు ఒడ్డును సమీపింపజాలక కొన్ని మైళ్ళ యెడమున లంగరు దించి నిలుచుచుండగా, మనుష్యులను సరకులను చిన్నపడవలు చేరవేయుచుండెను. ఆ పడవలలో కోరమాండలు తీరమంతట వాడుకలోనుండిన మసూలా పడవ ప్రసిద్ధము. పలకలను ఇనుపమేకులతో బిగింపక కొబ్బరిపీచు త్రాళ్ళతో కుట్టుటయు, అడుగు బల్లపరుపుగా నుండుటయు దాని విశేషములు. కెరటము మోదినప్పుడు మేకులు కొట్టిన పడవ పగులవచ్చునుగాని, కుట్టిన పడవ వంగి, సాగి, మరల తన యాకృతికి వచ్చును.

కరిబియను తీరమున బెలీజు నగరపు స్థితియు ఇట్టిదే. అచ్చటి సముద్రము లోతు చాలనందున విహారనౌకలు దూరముననే నిలుచును. యాత్రికులు చిన్నపడవలపై ఒడ్డు చేరుదురు. కేమను ద్వీపములలోని జార్జిటౌనునందును ఓడలు లంగరువేసియే నిలుచుట ఆచారము. ఇట్టి రేవులలో పగటిని లెక్కించు పద్ధతి వేరు. ఓడ ఉదయము ఎనిమిదింటికి నిలిచి సాయంకాలము అయిదింటికి కదలునన్నచో తొమ్మిదిగంటలు చేజిక్కినట్లు తోచునుగాని, పడవకొరకు నిరీక్షణము, రాకపోకలు, కదలుటకు ముందుగానే ఓడపై నుండవలెనను నియమము – వీనిని తీసివైచినచో ఆరుగంటలు మిగులుట భాగ్యమే. మరియు ఓడ గడియారమును ఒడ్డు గడియారమును ఒక్కటే యైయుండవలెనను నియమము లేదు; జాగరూకుడైన యాత్రికుడు ఓడకాలమునే తన చేతిగడియారమున నిలుపుకొనును. ఓడవారు నడపు విహారములకు పోయినవారు ఆలస్యమైనచో ఓడ వేచియుండుట కలదుగాని, స్వతంత్రముగా పోయినవానికొరకు సాధారణముగా నిలువదు.

బందరునకు తపసిపూడి కడ నూతన నౌకాశ్రయ నిర్మాణము 2023 మే నెలలో ప్రారంభమైనది. తీరమునకు దూరముననే నిలిచిన ఓడలు ఇకమీదట ధక్కాను ఆనుకొని నిలువగల వన్నది ఈ యూరివారు తరతరములుగా కన్న స్వప్నము. అది సరకుల రేవుగా తలపెట్టబడినదే యైనను, అందు ప్రయాణికులు దిగుటకొక చిన్న తావు ఏర్పరచుట బందరు చరిత్రకు తగినపని.

ఋతువు

ఈ తీరమున దినమును నిర్ణయించుటకు ముందు మాసమును నిర్ణయింపవలెను. ఆశ్వయుజ కార్తీకములలో తూర్పుతీరమున వాయుగుండములు ప్రబలును. పూర్వము ఐరోపా నౌకలు అక్టోబరు మాసమున ఈ తీరమును విడిచి పోవుచుండినది ఈ భయముచేతనే. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు పట్టణమును పరిసర గ్రామములును మునిగి, సుమారు 30,000 మంది మరణించిరి. రేవునకు మరల పూర్వవైభవము రాలేదు. 1977 నవంబరు 19న, కృష్ణాపాయల నడుమనున్న దివిసీమను ముంచిన ఉప్పెనలో ప్రభుత్వపు లెక్కల ప్రకారమే పదివేలమంది వరకు పోయిరి. నేడును దివిసీమ పల్లెలలో కాలమును "ఉప్పెనకు ముందు, ఉప్పెన తరువాత" అని చెప్పుకొందురు. పుష్య మాఘ మాసములు యాత్రకు శ్రేష్ఠములు: ఆకాశము నిర్మలము, ఎండ సహ్యము, కుప్పనూర్పులతో పల్లెలు కళకళలాడుచుండును.

పూర్వయాత్రికులు

డచ్చివారు 1605లోను, ‘గ్లోబు’ అను ఓడపై వచ్చిన ఆంగ్లేయులు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను ఇచ్చట వర్తకస్థానములు నెలకొల్పిరి. ఆంగ్లేయ వర్తకాధికారి విలియము మెత్వోల్డు ఇచ్చట కొన్నియేండ్లు నివసించి గోలకొండ దేశమునుగూర్చి విలువైన వృత్తాంతము వ్రాసెను. రత్నవర్తకుడు టావెర్నియే ఇది పెగూ, సయాము, సుమత్రా, మక్కా మున్నగు తావులకు ఓడలుపోవు రేవని వర్ణించెను. 1750లో ఫ్రెంచివారి వశమైన పట్టణమును 1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు నాయకత్వమున ఆంగ్లేయులు రాత్రివేళ కోటపై దాడిచేసి గైకొనిరి. ఆయా జాతులవారు వసించిన వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము నేటికిని బందరున వాడలు.

పట్టణమున పగలు

వేకువనే గిలకలదిండి చేరవలెను. ఆలస్యముగా పోయినవానికి అచ్చట ఖాళీతట్టలే కనబడును. రాత్రియంతయు కడలిలో గడపిన మరపడవలు పాయలో వరుసగా నిలువ, వంజరము, చందువ, రొయ్యలు, పీతలు తట్టలలో ఒడ్డునకు దిగును. వేలముపాట పాడువాని గొంతు ఒక్కొక్క రాశికడ క్షణకాలమే నిలుచును, పాట ముగిసిన సరకుపై వెంటనే ఐసు పడును. ఇచ్చటి స్త్రీలు ధర నిర్ణయించుటలో చూపు వేగమును గమనించినవారికి, ఈ యూరి వర్తకబుద్ధి కుంపిణీ గిడ్డంగులతో అంతరింపలేదని తెలియును.

పిమ్మట బందరుకోట. శిథిలములైన కట్టడములు తప్ప నేడచ్చట చూడవలసినది స్వల్పము; అరగంట చాలును. డచ్చివారి శ్మశానవాటిక మాత్రము నిదానముగా చూడదగినది. పురావస్తుశాఖ రక్షణలోనున్న ఆ సమాధుల రాతిపలకలపై వంశచిహ్నములును అక్షరములును ఎంతో లోతుగా, నేర్పుగా చెక్కబడియున్నవి. స్వదేశమునకు తిరిగిపోవలెనను కోరికతో వచ్చి ఈ మట్టిలో కలిసిన యా మనుష్యులను తలచుకొని కొంతసేపు మౌనముగా నిలువని యాత్రికు డుండడు.

పట్టణమున విద్యాసంస్థలు ప్రాచీనములు. రాబర్టు నోబులు 1843లో స్థాపించిన పాఠశాల నోబులు కళాశాలగా వర్ధిల్లినది. కోపల్లె హనుమంతరావు ప్రభృతుల కృషిచే 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పినదియు ఈ యూరనే. చిలకలపూడిలో 1929లో వెలసిన పాండురంగస్వామి యాలయము, ఆ పేటలోనే తయారగు రోల్డుగోల్డు నగలు దారిలో చూచిపోవచ్చును.

మధ్యాహ్నము భోజనానంతరము కోనేరు సెంటరు ప్రాంతమున బందరు లడ్డు కొనుట మరువరాదు. శనగపిండిని సన్నపూసగా వండి, దంచి, జల్లించి, బెల్లపుపాకమున కలిపి, నేయి పోయుచు రోటిలో మరల మెత్తగా దంచి కట్టుటచేత దీనికి తొక్కుడులడ్డని పేరు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన యీ మిఠాయి దినముల తరబడి నిలువయుండును గనుక ప్రయాణమునకు మిక్కిలి అనుకూలము.

సాయంకాలమునకు మంగినపూడి. పట్టణమునకు సుమారు 11 కిలోమీటర్లలో నున్న యీ తీరమున తెల్లని యిసుకకు మారుగా నల్లమట్టి యుండుటచే క్రొత్తవారు నిరాశ చెందుట కలదు. నీరు చాలదూరము మోకాలిలోతుననే యుండుటచేత వృద్ధులును పిల్లలును స్నానము చేయగలరు. కార్తీకపూర్ణిమనాడు ఇచ్చట సముద్రస్నానమునకు జనము విశేషముగా కూడుదురు.

పెడన

ఉదయమున గాని మధ్యాహ్నమున గాని రెండుగంటలు మిగిలినచో, వానిని ఎచ్చట వెచ్చింపవలెనన్న ప్రశ్నకు ఈ వ్యాసకర్త నిస్సంశయముగా పెడన యని చెప్పును. బందరునకు పది కిలోమీటర్ల లోపున, గుడివాడ రైలుదారిపై నున్న యీ యూర కలంకారీ అద్దకము సజీవవృత్తి. పర్షియాదేశమునకును ఐరోపాకును ఓడలపై తరలిపోయి బందరునకు లోకఖ్యాతి తెచ్చిన చీటీగుడ్డల సంతతియే నేటి కలంకారీ.

గంజిపోవ నుతికిన గుడ్డను కరక్కాయనీట ముంచి ఆరవేయుదురు. తుప్పుపట్టిన యినుమును బెల్లముతో కూడ నీట పులియబెట్టి తీసిన ద్రవము కరక్కాయ పట్టిన గుడ్డపై పడినంతనే నలుపెక్కును. ఎఱుపునకు మొదట అద్దునది పటికనీరు మాత్రమే. టేకుచెక్కపై చెక్కిన అచ్చును రంగుపీటపై తాటించి, గుడ్డపై గీటు తప్పకుండ నుంచి, పనివాడు పిడికిటితో వీపున ఒక్క గ్రుద్దు గ్రుద్దును. ఒక తీగకు నాలుగైదు అచ్చులు, ఒక్కొక్క రంగునకు వేరువేరుగా, ఒకదానిపై నొకటి కూర్పవలసియుండుటచే వెంట్రుకవాసి తప్పినను పూవు చెదరును. పిమ్మట గుడ్డను కాలువనీట జాడించి, రంగుచెక్క, జాజియాకు వేసి మరగించు డేగిసాలో కఱ్ఱతో త్రిప్పుచుండగా, అంతవరకు వెలవెలబోయియున్న పటిక అద్దిన తావులు మాత్రము చూచుచుండగనే ఎఱ్ఱబారును. ఆ క్షణమును చూచినవాడు అంగడిలో గుడ్డ వెలను మరల బేరమాడడు. పారునీరు లేనిదే యీ రంగులు తేలవు. కృష్ణాడెల్టా కాలువలకును ఈ వృత్తికిని సంబంధ మట్టిది.

గుడివాడ, దివిసీమ

ఒక్కదినమున పట్టణమును, గుడివాడను, దివిసీమను కలిపి చూడదలచుట పొరపాటు. ఒక దిక్కునే ఎన్నుకొనవలెను. బౌద్ధావశేషములయందు ప్రీతిగలవారు వాయవ్యముగా రైలుమీద గుడివాడకు పోవచ్చును; అచ్చటి దిబ్బను, ఘంటసాల స్తూపమును, భట్టిప్రోలు స్తూపముతో పాటు అలెగ్జాండరు రీ పరిశీలించి 1894లో గ్రంథరూపమున ప్రకటించెను. నాట్యసంగీతములయం దభిరుచి గలవారికి కూచిపూడియు, క్షేత్రయ్యతో సంబంధముగల మొవ్వయు పొరుగూళ్ళు. ఆ దారిననే ఘంటసాల ప్రదర్శనశాలయు, కృష్ణాతీరమున శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు ఆలయమును కలవు.

దివిసీమకు పోవువాడు మాత్రము సూర్యోదయముననే బయలుదేరవలెను. పులిగడ్డ కడ చీలిన కృష్ణాపాయల నడుమ నున్న యీ సీమలో అవనిగడ్డ దాటినపిదప బస్సులు పలుచన. హంసలదీవిలో వేణుగోపాలస్వామిని సేవించి, పాలకాయతిప్ప మీదుగా సాగరసంగమము చేరినచో మధ్యాహ్నమగును. మాఘపూర్ణిమ స్నానమునకైనచో జనసమ్మర్దముచేత ఇంకను ఆలస్యము. మడయడవులను చూచుటకై నాగాయలంకవైపునకు మరలినవారు ఏటిమొగ రేవున పంటుపై ఎదురుమొండికి దాటుదురు. మోటారుసైకిళ్ళు, ధాన్యపుబస్తాలు, బడిపిల్లలు, పాలక్యానులు అన్నియు ఒక్క పంటుపైననే పోవును; నిండినగాని అది కదలదు, గాలి పెరిగినచో ఆపివేయుదురు. అందుచేత అవతలియొడ్డున దిగగనే చేయవలసిన మొదటిపని, సాయంకాలము కడపటి పంటు ఎన్నింటికని రేవువారిని అడిగి తెలిసికొనుట.