బలమైన ఆమ్లాల మిశ్రమం: పీహెచ్ గణన

బలమైన ఆమ్లాల ద్రావణాలు రెండో అంతకు మించో కలిసినప్పుడు వచ్చే పీహెచ్‌ను కట్టే పద్ధతి ఇది. ఇంటర్ విద్యార్థులకు అయానిక సమతాస్థితి పాఠంలో ఎదురవుతుంది. చిలకలపూడి బంగారంగా పేరుపడ్డ బందరు గిల్టు నగల పనివారికైతే ఇది కడుగునీటి లెక్క.

పీహెచ్ సంవర్గమానం కనుక రెండు విలువలకు సగటు తీయరాదు. హైడ్రోజన్ అయాన్ల మోల్‌లను కూడి మొత్తం ఘనపరిమాణంతో భాగించాలి. పీహెచ్ 1 ఉన్న నత్రికామ్లం, పీహెచ్ 3 ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం చెరి 50 మి.లీ. కలిపితే గాఢత 0.0505 మోలార్, పీహెచ్ 1.30. పరీక్షలో చాలామంది 2 అని రాసేది ఇక్కడే. మరీ విలీనమైతే నీటి అయాన్లనూ లెక్కించాలి: 10⁻⁸ మోలార్ ఆమ్లానికి పీహెచ్ 8 రాదు, 6.98 వస్తుంది.

గంధకామ్లం దగ్గర పుస్తకాలు ఏకీభవించవు. రెండు ప్రోటాన్లూ పూర్తిగా విడిపోతాయని కొన్ని సరిపెడతాయి. ఆ లెక్కన గంధకామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం 0.01 మోలార్ చొప్పున ఉన్న మిశ్రమానికి పీహెచ్ 1.52. రెండో వియోజన స్థిరాంకాన్ని 0.012గా తీసుకుంటే 1.63, కొన్ని పట్టికల్లోలా 0.010గా తీసుకుంటే 1.64. స్థిరాంకం ఏదైనా, దాన్ని వదిలేయడం కన్నా వాడటమే మేలు.

నిర్వచనానికీ రెండు సంవత్సరాలు కనిపిస్తాయి. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ 1909లో గాఢత ఆధారంగా చెప్పాడు. 1924లో లిండర్‌స్ట్రోమ్-లాంగ్‌తో కలిసి క్రియాశీలత వైపు మళ్లాడు. మీటరు చూపేది దాదాపు రెండోదే. అందుకే 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కాగితం మీద 1.00, మీటరులో సుమారు 1.1.

పూత పనుల్లో రాగి, ఇత్తడి వస్తువులను సాధారణంగా ముందు ఆమ్లంలో ముంచి మకిలి వదిలిస్తారు. ఏ ఆమ్లం, ఎంత పాళ్లు అన్నది కార్ఖానాను బట్టి మారవచ్చు. రాగిని కరిగించేటప్పుడు నత్రికామ్లం ఖర్చవుతుంది కనుక, తొట్టిలో మొదట పోసిన ఆమ్లాన్నంతా కూడితే అసలుకన్నా ఎక్కువ ఆమ్లత్వం తేలుతుంది, మిగిలినదాన్నే లెక్కించాలి. పర్యావరణ పరిరక్షణ నియమాల సాధారణ ప్రమాణం ప్రకారం కాలువలు, నదుల్లోకి వదిలే వ్యర్థజలానికి పీహెచ్ 5.5–9.0 మధ్య ఉండాలి. పై 1.30 మిశ్రమాన్ని స్వచ్ఛమైన నీటితోనే 5.5కు తేవాలంటే దాదాపు 16 వేల రెట్లు పలచన చేయాలి. తడిసున్నమైతే లీటరుకు సుమారు 1.9 గ్రాములు చాలు, అదీ ఆమ్లం వరకే. కరిగిన రాగిని పేరబెట్టాలంటే సున్నం ఇంకొంత పడుతుంది, పీహెచ్‌నూ 7 దాటించాల్సి వస్తుంది.