భద్రాచలం చుట్టూ తిరిగిన గీత

సారపాక వైపు నుంచి వంతెన ఎక్కి, నడిమధ్యకు వచ్చాక ఆగండి. లారీ పోయినప్పుడల్లా కాళ్ల కింద వంతెన అదురుతుంది, పట్టించుకోకండి. ఎడమచేతి వైపు, ఎగువన, దుమ్ముగూడెం. కుడివైపు దిగువకు పోతే శబరి వచ్చి కలిసే కూనవరం, అది దాటితే పాపికొండలు. ఎదురు గట్టు మీద రామయ్య గోపురం. ఈ క్షణాన మీకు వెనకా తెలంగాణే, ముందూ తెలంగాణే.

ఈ వంతెన 1965లో వచ్చింది. కాసేపు దీన్ని లేదనుకుని 1900లోకి రండి. ఇప్పుడు మీరు పడవలో ఉన్నారు. ఎక్కిన రేవు నిజాం రాజ్యం, దిగబోయే రేవు మద్రాసు ప్రెసిడెన్సీ. మీ మొలలో ఉన్నవి హాలీ సిక్కాలు; అవతల చెల్లేది కల్దారు రూపాయి. పాల్వంచ నుంచి రాముణ్ణి చూడవచ్చిన రైతు ఏరు దాటగానే పరాయి దొరతనంలో కాలు పెడతాడు. పాల్వంచ తహసీల్దారుగా ఉంటూ ఈ గుడి కట్టించిన కంచెర్ల గోపన్న నాడు రెండు గట్లూ గోల్కొండవే కదా, మరి ఏటి మధ్యకు ఈ హద్దు ఎప్పుడొచ్చింది?

పత్తి తెచ్చింది. బేరారు పత్తిని గోదావరి మీద పడవల్లో సముద్రానికి దించాలని ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు. అందుకు ఎడమ గట్టు బ్రిటిషువారి చేతిలో ఉండాలి. 1860 ఒప్పందంలో నిజాం దాన్ని ఇచ్చేశాడు. బదులుగా రాయచూరు, ధారాశివ ప్రాంతాలు ఆయనకు తిరిగి వచ్చాయి. భద్రాచలం నుంచి సిరొంచ దాకా ఉన్న ఎడమ గట్టు తాలూకాలతో ‘ఎగువ గోదావరి’ అనే కొత్త జిల్లా పుట్టింది. కేంద్రం సిరొంచ. దాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు కాబట్టి భద్రాద్రి రాముడికి రాజధాని నాగపూరు!

ఎగువకు, దుమ్ముగూడెం రండి. 1860ల ఎండాకాలం. నీళ్లు తగ్గి ఏటి నిండా బండలు తేలాయి. పడవలు వాటిని తప్పించుకుని పోయేందుకు ఆనకట్ట, పక్కనే కాలువ, లాకులు. కూలీలు రాళ్లు మోస్తూనే ఉన్నారు. అవతల 1867లో రైలు నాగపూరు చేరింది. పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో ఇక్కడి పనులు ఆపేశారు. పడవల దారే లేనప్పుడు దాని కోసం పుట్టిన జిల్లా ఎందుకు? 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను తీసి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు అంటగట్టారు.

కాగితం మీద ఇది ఒక మార్పు, అంతే. రేకపల్లి కొండ ఎక్కి చూడండి. మద్రాసు చేతికి వచ్చాక శిస్తు దాదాపు మూడింతలైంది. కొన్ని చోట్ల పోడు కొట్టడమే కూడదన్నారు. తన కొండ ఏ ప్రెసిడెన్సీలోకి పోయిందో పోడు చేసుకునేవాడికి శిస్తుకు వచ్చినవాడే చెప్పి ఉంటాడు. 1879లో రంప పితూరీ ఇక్కడికి పాకిందంటే వింతేమీ లేదు.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినా ఏటి మధ్య హద్దు అక్కడే ఉంది. 1956లో రెండు గట్లూ మళ్లీ ఒక్క రాష్ట్రమయ్యాయి. 1959లో భద్రాచలాన్ని తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి మార్చారు. కాకినాడ ఎక్కడ, ఖమ్మం ఎక్కడ! ఈ కథ మొత్తంలో జనం నడిచే దారి చూసి జరిపిన హద్దు, నాకు తెలిసి, ఇదొక్కటే.

ఇక వంతెన దిగి స్నానఘట్టాల దగ్గరికి రండి. ఇక్కడ నీరు 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. ఈ ఊళ్లో వానాకాలమంతా అందరి నోటా ఆ అంకెలే. 2014లో గీతను మళ్లీ కదిపింది కూడా నీళ్లే: పోలవరం ముంపు. ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం మండలమంతా పోయింది, భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటే తెలంగాణలో మిగిలింది.

పర్ణశాల బస్సెక్కితే సంగతి తెలుస్తుంది. ఊరు దాటీ దాటకముందే ఎటపాక, అంటే ఆంధ్రప్రదేశ్. కాసేపటికి దుమ్ముగూడెం మండలం, మళ్లీ తెలంగాణ. కిటికీ బయట పొలాల్లో ఏ తేడా కనబడదు. గుడి తెలంగాణలో ఉంది, గుడి మాన్యాలున్న పురుషోత్తపట్నం ఆంధ్రలో ఉంది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డప్పుడు, భద్రాచలం గోపురం కనుచూపు మేరలో ఉన్న ఎటపాకకు జిల్లా కేంద్రం ఎక్కడో కనుమల్లోని పాడేరు అయింది.

ఎటపాక, పిచుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం పంచాయతీలను తిరిగి భద్రాచలంలో కలపాలన్న కోరిక అప్పటి నుంచీ ఉంది. రెండు ప్రభుత్వాలు కూర్చుని తేల్చవలసిన పని ఇది. కూర్చునే రోజున ఆ ఊళ్లవాళ్లను కూడా పిలవండి.