కృష్ణా డెల్టాలో హీబ్రూ మాట

తెలుగులోకి వచ్చిన పరభాషా పదాలను లెక్కించేటప్పుడు మన భాషా చరిత్రకారులు సాధారణంగా సంస్కృత ప్రాకృతాలతో మొదలుపెట్టి, పారసీ, ఉర్దూ, పోర్చుగీసు, ఇంగ్లీషుల దాకా వచ్చి ఆగిపోతారు. మాలపల్లెల గుండా, మాదిగపల్లెల గుండా వచ్చిన హీబ్రూ మాటలు ఆ జాబితాల్లో అరుదు. ఇది కేవలం మరపు కాదు. ఎవరి నోట పలికిన మాటను భాషగా లెక్కిస్తున్నాం, ఎవరి నోట పలికినదాన్ని ‘మతం యాస’గా పక్కన పెడుతున్నాం అన్న ప్రశ్న ఇందులో ఉంది.

చర్చి మిషనరీ సొసైటీ 1841లో మచిలీపట్నంలో పని ప్రారంభించింది. తర్వాతి దశాబ్దాల్లో కృష్ణా తీరాన ఆంగ్లికన్ సంఘాలు, దక్షిణాన ఒంగోలు కేంద్రంగా బాప్టిస్టు సంఘాలు దళితవాడల్లో పెరిగాయి. బైబిలుతో, పాటలతో ‘ఆమేన్’, ‘హల్లెలూయ’, ‘హోసన్న’ అక్షరం రానివారి నాలుకల మీదికి కూడా వచ్చాయి. అయితే అవి ప్రయోగం తెలిసిన మాటలుగా రాలేదు, స్తుతి ధ్వనులుగా వచ్చాయి. ‘హల్లెలూ’ అన్నది హీబ్రూలో నిజానికి ఒక క్రియ. ‘మీరు స్తుతించండి’ అని నలుగురిని పిలవడం. మన వాడుకలో అది ఆశ్చర్యార్థకంలా స్థిరపడింది. ‘షాలోమ్’ మాత్రం తెలుగు మాటగా మారి వచ్చింది. అనువాదకులు దాన్ని ‘సమాధానం’ అన్నారు. ఊళ్లో తక్కినవారికి సమాధానమంటే జవాబు. క్రైస్తవ కుటుంబంలో అది మనశ్శాంతి, క్షేమం. ఒకే ఊళ్లో ఒకే మాట వీధి మారితే అర్థం మారుతుంది. నిఘంటుకారులు ఈ తేడాను కులం, మతం దృష్ట్యా పరిశీలించవలసి ఉంది.

హీబ్రూ కూడా శతాబ్దాల పాటు ప్రధానంగా ప్రార్థనకూ పాండిత్యానికీ పరిమితమైన భాషే. 1881లో జెరూసలేం చేరిన ఎలియెజెర్ బెన్ యెహూదా దాన్ని ఇంటి భాష చేయాలని పట్టుబట్టాడు. 1882లో పుట్టిన కొడుకుతో హీబ్రూ తప్ప వేరే భాష మాట్లాడనివ్వలేదు. నిఘంటువు అన్న అర్థంలో ‘మిలోన్’ అనే మాటను కూడా ఆయనే కల్పించాడు. ప్రవక్త యెహెజ్కేలు దర్శనంలో నిప్పుల మధ్య మెరిసిన వస్తువు పేరు ‘హష్మల్’. తెలుగు బైబిలు పాఠకుడికి అది మేలిమి బంగారం లాంటిదిగా తెలుసు. ఆధునిక హీబ్రూలో ‘హష్మల్’ అంటే కరెంటు!

ఆయనకు కొద్దిగా చిన్నవాడు మన గిడుగు రామమూర్తి (1863-1940). 1919లో ‘తెలుగు’ పత్రిక పెట్టి, నోటిమాటను పుస్తకంలోకి తెచ్చేందుకు పోరాడాడు. బెన్ యెహూదా పుస్తకంలోని మాటను నోటికి తెచ్చాడు. దారులు ఎదురెదురు. ప్రజల వాడుకే భాషకు ప్రాణమన్న సూత్రం మాత్రం ఒక్కటే. కానీ ఈ పోలికకు హద్దుంది. హీబ్రూను నిలబెట్టే ఉద్యమం లక్షలాది యూదు శ్రామికుల ఇంటిభాష అయిన యిడ్డిష్‌ను చిన్నచూపు చూసింది. 1948లో హీబ్రూ ఒక రాజ్యానికి భాష అయింది. ఆ రాజ్యావతరణ వేళ లక్షలాది పాలస్తీనీయులు నిర్వాసితులయ్యారు. భాషా పునరుజ్జీవనాన్ని కీర్తించేవారు ఈ రెంటినీ దాచకూడదు.

ఈ ఆధునిక హీబ్రూ మళ్లీ డెల్టాకే వచ్చింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, మాదిగ కులం నుంచి వచ్చిన కొన్ని క్రైస్తవ కుటుంబాలు 1980ల చివర తాము యూదులమనీ, ఎఫ్రాయిము గోత్రం వారమనీ ప్రకటించుకున్నాయి. 1991లో ప్రార్థనా మందిరం వెలిసింది. వారిని బెనె ఎఫ్రాయిమ్ అంటారు. నాయకుల్లో ఒకరైన షమూయేల్ యాకోబీ 2002లో తన గ్రంథం ప్రచురించాడు. 2013లో యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్‌లు ఈ సమాజంపై పరిశోధన గ్రంథం వెలువరించారు.

తెలుగుకూ హీబ్రూకూ చుట్టరికం ఉందన్న వాదన వారిలో వినిపించింది. శాస్త్రం దీన్ని ఒప్పుకోదు. తెలుగు ద్రావిడ భాష, హీబ్రూ సెమిటిక్ భాష. తండ్రిని హీబ్రూలో ‘అబా’ అంటారు, మనకూ ‘అబ్బ’ ఉంది. పసిపిల్లల పెదవులమీద పుట్టే ఇలాంటి మాటలు సంబంధం లేని భాషల్లోనూ కలుస్తాయి. కానీ తోసిపుచ్చి నవ్వుకోవడంతో విమర్శకుడి పని తీరదు. ఊరు పెట్టిన పేరును కాదని, వేరే వంశాన్ని, వేరే భాషను వెతుక్కోవలసిన అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి.

దానికి హీబ్రూ వాడుకలోనే ఒక సూచన ఉంది. తెలుగులో ఎదుటి మనిషిని పిలిస్తే చాలు, అంతస్తు బయటపడుతుంది. నువ్వు, మీరు, ఏరా, అయ్యా. ఒకే ‘రా’ను రారా, రండి అని మార్చి ఊరు తన నిచ్చెనను నిలుపుకుంది. పెద్దవయసు మాదిగను భూస్వామి పిల్లవాడు ‘ఏరా’ అనడం మన పల్లెల్లో వ్యాకరణమంత సహజంగా చెలామణీ అయింది. నిత్య హీబ్రూలో మగవాడైతే ‘అతా’, ఆడమనిషైతే ‘అత్’. రమ్మనడానికి ‘బో’, ‘బోయి’. తేడా స్త్రీపురుషులది, అంతస్తుది కాదు. అంతమాత్రాన ఆ సమాజంలో హెచ్చుతగ్గులు లేవని కాదు. వ్యాకరణం సమానత్వం తేలేదు. అయితే మరో భాషలో నాలుగు వాడుక మాటలు నేర్చినవాడికి, ‘ఏరా’ ప్రకృతి నియమం కాదనీ, మనుషులు పెట్టిన కట్టడి అనీ పోల్చుకొని చూసే వీలు కలుగుతుంది.

గిడుగు సవరల మధ్యకు వెళ్లి వారి భాష నేర్చుకున్నాడు. మన సాహిత్య విద్యార్థులకు కొత్తరెడ్డిపాలెం అంత దూరం కాదు. డెల్టా ప్రార్థనల్లో, పాటల్లో, పలకరింపుల్లో ఉన్న ఈ మాటలను, వాటి అర్థాలతోనూ వాటిని వాడేవారి బతుకులతోనూ కలిపి సేకరించాలి. పల్లె నోటి మాటలకు చోటు దొరికేదాకా మన భాషా చరిత్ర సగం ఊరి చరిత్రే.